ఈటీజేలో 12 ఎకరాలు కొని నలుగురం పంచుకోవాలంటే అనుమతి సిటీదా, కౌంటీదా?

మీరు అడిగింది ఇది: టెక్సాస్‌లోని కొల్లిన్ కౌంటీలో, ఒక సిటీ ఈటీజేలో (సిటీ హద్దు బయట ఉన్నా ఆ సిటీకి కొంత అధికారం ఉండే ప్రాంతంలో) నలుగురు స్నేహితులు కలిసి 12 ఎకరాలు కొని, తలా మూడెకరాలు తీసుకుని ఇళ్లు కట్టుకుంటారు. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ముందు చూడాల్సింది మ్యాపు కాదు, ఆ సిటీకీ కౌంటీకీ మధ్య ఉన్న ఒప్పందం. టెక్సాస్ లోకల్ గవర్నమెంట్ కోడ్ 242వ చాప్టర్ ప్రకారం (కొన్ని కౌంటీలకు మినహాయింపు ఉంది) ఈటీజేలో పొలం ముక్కలు చేసే వ్యవహారం ఎవరు చూడాలో ఆ రెండూ రాసుకోవాలి. నాలుగు పద్ధతులున్నాయి: అంతా సిటీ చూడటం, అంతా కౌంటీ చూడటం, ఈటీజేని చెరో భాగంగా పంచుకోవడం, లేదా ఇద్దరూ కలిసి ఒకే ఆఫీసు, ఒకే ఫీజు, ఒకే రూల్సు పెట్టుకోవడం. సిటీ ప్లానింగ్ డిపార్ట్‌మెంటుకి పార్సిల్ నంబరుతో (ఆ భూమికి రికార్డుల్లో ఉండే నంబరు) ఈమెయిల్ పెట్టి ఆ ఒప్పందం కాపీ అడగండి. ఫోన్లో చెప్పింది నమ్మొద్దు.

దాని మీద ఇంత పట్టు ఎందుకంటే, ప్లాటింగ్ మినహాయింపులు ఇద్దరికీ ఒకటి కాదు. ప్లాట్ అంటే ఇక్కడ ఇంటి స్థలం కాదు, పొలాన్ని ముక్కలుగా చూపిస్తూ ఆమోదం తీసుకుని రికార్డు చేయించే మ్యాపు; ఆ పనే ప్లాటింగ్. సిటీ చట్టంలో ప్రతి ముక్కా 5 ఎకరాలు దాటి, దారి ఉండి, కొత్త రోడ్డులాంటివేమీ అప్పగించనక్కర్లేకపోతే ప్లాట్ అవసరం లేదు. కౌంటీ చట్టంలో అదే వెసులుబాటుకు ప్రతి ముక్కా 10 ఎకరాలు దాటాలి. మీవి మూడెకరాలు కాబట్టి ఎవరి లెక్కలో చూసినా ప్లాట్ తప్పదు. యజమాని దగ్గరి బంధువులకు నాలుగు ముక్కల వరకు ఇచ్చుకుంటే, రోడ్లు వెయ్యకపోతే, కౌంటీ ప్లాట్ అడగదు. అన్నదమ్ములకు పనికొచ్చే దారి అది, స్నేహితులకు కాదు.

ప్లాట్ మానేసి సర్వే చేయించి, నాలుగు డీడ్‌లు (యాజమాన్య పత్రాలు) రాసుకుందామని మనవాళ్లలో ఎవరో ఒకరు అంటారు. డీడ్‌లు రికార్డయిపోతాయి కూడా. మన దగ్గర రిజిస్ట్రేషన్ అయితే పని అయిపోయినట్టే అనే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. ఈటీజేలో ప్లాటింగ్ సంగతి తేలిందన్న సర్టిఫికెట్ చూపకపోతే నీళ్లు, కరెంటు కనెక్షన్ ఇవ్వకూడదని చట్టమే చెబుతుంది. పునాది పడ్డాక మీటరు దగ్గర ఆగిపోతారు.

ఇక డబ్బు పోయేది రోడ్డు దగ్గర. సిటీకీ కౌంటీకీ చెరో థరోఫేర్ ప్లాన్ (రేపు ఏ రోడ్డు ఎంత వెడల్పు కావాలో చూపే ప్లాను) ఉంటుంది, రెండూ తెరిచి చూడండి. ఉదాహరణకు మీ ముందున్న రోడ్డు ఇప్పుడు 40 అడుగులు, ప్లాన్‌లో 120 అనుకుందాం. మధ్య గీత నుంచి మీ వైపు 60 కావాలి, 20 ఉంది, మిగతా 40 అడుగులు మీరు అప్పగించాలని అడుగుతారు. ముఖభాగం 600 అడుగులైతే 24,000 చదరపు అడుగులు, అంటే 2,667 గజాలు, అర ఎకరం పైమాట. మిగిలింది 11.45 ఎకరాలు, తలా 2.86. "మూడెకరాలు" అని ఒకరికొకరు మాటిచ్చుకోకముందే ఈ లెక్క వేసుకోండి. సిటీ అడిగేది మరీ ఎక్కువనిపిస్తే, అది మీ ప్రాజెక్టు భారానికి సుమారుగా తగినదేనని ఇంజనీరు తేల్చాలని చట్టంలో ఉంది, ఆ లెక్క చూపమని అడగొచ్చు.

సెప్టిక్ (ఇంటి మురుగునీటిని స్థలంలోనే శుద్ధి చేసే ఏర్పాటు) అనుమతి మామూలుగా కౌంటీ దగ్గర. పబ్లిక్ నీళ్లుంటే లాట్ అర ఎకరం, సొంత బోరైతే ఎకరం తగ్గకూడదన్నది రాష్ట్ర కనీసం. స్థలం మీకు సమస్య కాదు, నల్ల బంకమట్టి సమస్య. నీళ్లు ఇంకవు, మురుగును గాలితో శుద్ధి చేసి నేల మీద చల్లే ఏరోబిక్ సిస్టమ్‌కి వెళ్లాల్సి రావచ్చు. ఆప్షన్ పీరియడ్‌లోనే (కొనే ఒప్పందం నుంచి తప్పుకునే వీలున్న రోజుల్లోనే) సైట్ ఇవాల్యుయేషన్, అంటే మట్టి పరీక్ష, చేయించండి. ఆ ఏరియా నీళ్ల సప్లై హక్కు, అంటే సీసీఎన్, ఎవరిదో చూసి వాళ్ల దగ్గర లిఖితపూర్వకంగా లెటర్ తీసుకోండి. ఫ్లడ్‌ప్లెయిన్ (వరద ముంపు ప్రాంతం), కౌంటీ రోడ్డు మీద కల్వర్టు అనుమతులు కౌంటీవి. ఎఫ్ఎం రోడ్డైతే (రాష్ట్రం చూసే ఫార్మ్-టు-మార్కెట్ రోడ్డు) రాష్ట్ర రవాణా శాఖ టెక్స్‌డాట్.

సిటీ ఫ్యూచర్ లాండ్ యూజ్ మ్యాపులో (రేపు ఏ భూమి దేనికో చూపే మ్యాపు) మీ పొలానికి రంగు వేసి ఉంటే కంగారు పడకండి. ఈటీజేలో భూమి దేనికి వాడాలో, ఇల్లు ఎంత ఎత్తుండాలో సిటీ మామూలుగా శాసించలేదు. కౌంటీకి జోనింగ్ అధికారం దాదాపు లేనట్టే. హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ లాంటిది ఇక్కడ వెతకొద్దు.

2023 సెప్టెంబరు నుంచి పిటిషన్ పెట్టి ఈటీజే నుంచి బయటపడొచ్చు, ఆ వీలు ఇచ్చిన చట్టాన్ని ఎస్‌బీ 2038 అంటారు. 12 ఎకరాలకు దానివల్ల ఒరిగేది తక్కువని నా అభిప్రాయం. బయటికొచ్చినా కౌంటీ ప్లాట్ ఉంటుంది, పైగా రేపు సిటీ మురుగు లైను కావాలంటే మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి.

సర్వేయరుతో మొదటి ఫోన్లోనే ఒకటి అడగండి: ఈ సిటీ, ఈ కౌంటీ రెండింటితో ప్లాట్ రికార్డు చేయించారా అని. రికార్డు రోజున పన్ను బకాయిలు లేవన్న సర్టిఫికెట్లు కూడా జత చేయాలి. అవి మర్చిపోయి వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది.