స్మార్ట్‌వాచ్ చూసి బయోమెడికల్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. నాన్నమ్మకు కొన్న స్మార్ట్‌వాచ్ చూసి, అలాంటివి తయారు చేస్తాను, బయోమెడికల్ ఇంజినీరింగే చదువుతాను అంటోంది. నేను ఈసీఈ తీసుకోమంటున్నాను. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గర పడుతోంది, ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: మంచి కాలేజీలో ఈసీఈ సీటు వస్తే వదులుకోకండి సార్. అలాగని అమ్మాయి కోరికను పక్కన పెట్టేయమని కాదు.

ఆ వాచీని ఒకసారి తిప్పి చూడండి. వెనక ఆకుపచ్చ లైటు మినుకుమంటుంది. ఆ వెలుగును రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి, సెన్సర్‌కు తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నాడి చూపిస్తుంది. పట్టీ వదులైనా, చెయ్యి ఊపినా లెక్క తప్పుతుంది. ఆ గందరగోళంలోంచి అసలు సిగ్నల్‌ను ఏరడమే వాచీ ఇంజినీర్ల పని. ఈసీఈలో చెప్పే సిగ్నల్ ప్రాసెసింగ్ అదే.

నాడి చూపించగానే వాచీ వైద్య పరికరం అయిపోదు. యాపిల్ వాచ్ ఈసీజీకి 2018లో అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతి దొరికింది. చవక వాచీల పెట్టెల మీద మాత్రం 'వైద్య అవసరాలకు కాదు' అని చిన్నక్షరాల్లో రాసి ఉంటుంది. సూది గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే వాచీ దేనికీ అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా. (పెద్దావిడకు షుగర్ ఉంటే, అలాంటి వాచీని నమ్మి మందుల మోతాదు మార్చకండి.)

మన దేశంలోనూ 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ, సాఫ్ట్‌వేర్‌తో సహా, ఔషధ చట్టం కిందికి వచ్చాయి. ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి తరగతులు. చాలా పరికరాలకు కంపెనీలు పరీక్షలు చేయించి, రుజువులు చూపించి, లైసెన్సు తెచ్చుకోవాలి. అందుకే టెస్టింగ్, క్వాలిటీ, రెగ్యులేటరీ (అనుమతులు తెచ్చే) పనులకు మనుషులు కావాలి. మన పిల్లలు ఎక్కువగా పట్టించుకోని వైపు ఇది, నా ఓటు మాత్రం దీనికే. పైగా మెడ్‌టెక్ జోన్ మీకు పక్కనే, పెదగంట్యాడ వైపు ఉంది. పరికరాల తయారీ, వాటిని పరీక్షించే ల్యాబ్‌లు రెండూ అక్కడున్నాయి.

బీటెక్ బయోమెడికల్ చేసినవాళ్లలో చాలామందికి ముందు దొరికేది ఆసుపత్రుల్లో వెంటిలేటర్లు, మానిటర్లు చూసుకునే పని, లేదా పరికరాల సేల్స్, సర్వీస్. మంచి ఉద్యోగాలే, కానీ అమ్మాయి కలగంటున్నది అది కాదేమో. ఈసీఈ చేశాక గేట్‌లో బయోమెడికల్ పేపర్ రాసి ఎంటెక్‌లో అటు మళ్లవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగం ఉంది.

ఈలోగా ఓ పని అప్పగించండి. కూర్చున్నప్పుడు, మెట్లెక్కాక, వాచీ చూపే అంకెనూ వేళ్లతో నాడి పట్టి లెక్కపెట్టినదాన్నీ పక్కపక్కన ఓ వారం రాయమనండి. విసుగు లేకుండా రాసి, తేడా ఎందుకొచ్చిందని తనే వెతుకుతూ కూర్చుంటే బయోమెడికల్ సీటుకూ ఆప్షన్ పెట్టించండి. అయితే ఆ కాలేజీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు ఏ ఆసుపత్రికి, ఏ ల్యాబ్‌కు వెళ్తున్నారో ముందే వెళ్లి కనుక్కోండి.