ఒక్కటి పడితే పండు!

పోయిన నెల క్యారమ్స్ గురించి రాస్తే నాలుగంటే నాలుగు ప్రశ్నలొచ్చాయి. ఈసారి ఆన్‌లైన్ లూడో మీద అడగండి అన్నానో లేదో ఫోన్ మెసేజ్‌లతో నిండిపోయింది. తీరా చూస్తే సగం ప్రశ్నలే కావు, ఫిర్యాదులు, వదిన మీద, బావమరిది మీద, యాప్ మీద. అన్నీ వేస్తే పత్రిక సరిపోదు కాబట్టి ఓ ఐదు ఏరాను.

ప్రశ్న: సార్, మేం ప్రతి ఆదివారం రాత్రి ప్రైవేట్ రూమ్ పెట్టుకుని ఆడతాం, నేను కూకట్‌పల్లిలో, అన్నయ్యా వదినా ఉప్పల్‌లో, చెల్లి బెంగళూరులో. మొన్న నావి మూడు కాయలు పండిపోయాయి, నాలుగోది గుమ్మం ముందు నిలబడింది, ఒక్కటి పడితే చాలు. 14 సార్లు వేశా సార్, 14 సార్లూ ఒకటి తప్ప అన్నీ పడ్డాయి. అప్పటికి మా వదినవి రెండు కాయలు ఇంకా బయటే తిరుగుతున్నాయి, ఆవిడ తాపీగా వచ్చి గెలిచేసింది, గెలిచి స్మైలీ కూడా పెట్టింది. గెలిచేవాణ్ణి ఆపడానికి యాప్‌లో ఏదో పెట్టారు కదా సార్? — కూకట్‌పల్లి నుంచి ఒక బాధితుడు

జవాబు: బాబూ, ఒక కాయ గడప దాటి బయటికొచ్చాక పండటానికి 56 అడుగులు నడవాలి, నాలుగు కాయలకి 224. నువ్వు 223 నడిచి ఆ చివరి దాని దగ్గర ఆగిపోయావు, కడుపు మండుతుంది, కాదనను. కానీ ఆ 14 సార్ల సంగతి లెక్కేసి చూద్దాం. ఒకటి పడకపోవడం అనేది ప్రతిసారీ ఆరింట ఐదొంతులు. అలా చూస్తే 6 సార్లు వేసినా పడని వాళ్లు ముగ్గురిలో ఒకరుంటారు, 10 సార్లు వేసినా పడని వాళ్లు వందలో 16 మంది, 14 సార్లకి వందలో ఏడెనిమిది మంది. అంటే అరుదే కానీ అద్భుతం కాదు, వారం వారం ఆడే ఇంట్లో ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎవరికో ఒకరికి తగిలేదే. నీకు తగిలినప్పుడు గుర్తుంటుంది, మీ చెల్లికి మొదటి వేటుకే ఒకటి పడి పండిపోయిన రోజు ఎవరికీ గుర్తుండదు.

ఇంకో సంగతి చెప్తా, ఇది నేను స్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో పిల్లలకి ఇస్తే ఒక్కడూ నమ్మలేదు. గుమ్మానికి ఒక్క గడి దూరంలో ఉన్న కాయ పండాలంటే సగటున ఎన్నిసార్లు వెయ్యాలి? 6. సరే, రెండు గళ్ల దూరంలో ఉంటే? అదీ 6. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఎక్కడున్నా సరే సగటు ఆరే! రెండు గళ్ల దూరానిదే చూడు, ఒకటి గానీ రెండు గానీ పడితేనే కాయ కదులుతుంది, దానికి సగటున 3 వేట్లు, కదిలిన వాటిలో సగం సార్లు రెండు పడి పండిపోతుంది, మిగతా సగం సార్లు ఒకటి పడి గుమ్మం ముందు ఆగుతుంది, అక్కణ్ణుంచి మళ్లీ 6, అందులో సగం 3, మొత్తం 6. కాబట్టి ఒక్క గడే ఉంది అని నువ్వు కాలరెగరేస్తున్నప్పుడు ఆరు గళ్ల వెనక ఉన్నవాడు నీకంటే ఏమీ వెనకబడి లేడు. మీ వదినకి ఇది తెలుసో తెలీదో గానీ ఆవిడ తాపీ మాత్రం న్యాయమైనదే.

అసలు తప్పు 14 వేట్లలో లేదు, దానికి ముందెక్కడో ఉంది. చివర్లో రెండు కాయలు మిగిలినప్పుడు చాలామంది రెండిటినీ తోసుకెళ్లి గుమ్మం ముందే పెడతారు, రెండిటికీ ఒకటే కావాలి. అప్పుడు రెండూ పండటానికి సగటున 12 వేట్లు. అదే ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు కావాల్సేలా నిలబెడితే 9 చాలు, ఎందుకంటే ఆ రెండింట్లో ఏది పడ్డా ఒక కాయ లోపలికి పోతుంది. కాయల్ని వేరు వేరు దూరాల్లో ఉంచు. మన చేతిలో ఉన్న తెలివి అంతవరకే, మిగతాది డైస్ దయ.

ఇక యాప్ మోసం చేస్తోందా అంటే, అనుమానం ఉన్నప్పుడు తిట్టడం కంటే లెక్కపెట్టడం మేలు. నేను మొన్న వానకి బయటికి పోలేక ఒక మధ్యాహ్నమంతా కూర్చుని 120 సార్లు వేసి పాల లెక్క పుస్తకం వెనక పేజీలో గీతలు గీశా, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. మా ఆవిడ వచ్చి చూసి పాలవాడికి ఇన్ని లీటర్లా అంది. ఆరు 17 సార్లు, ఒకటి 23 సార్లు పడ్డాయి. 120కి 20 రావాలి, కానీ 12 నుంచి 28 మధ్య ఏది వచ్చినా మామూలే. నీ లెక్కలో ఆరో ఒకటో 5 సార్లే పడితే ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు, అప్పుడు నేనే నీ తరఫున తిడతా.

ప్రశ్న: నమస్తే సార్. మాది దిల్‌సుఖ్‌నగర్. మా అత్తమ్మ నల్గొండల ఉంటది, లాక్‌డౌన్ అప్పటిసంది రోజూ పొద్దుమూకినంక ఇద్దరం ఫోన్ల లూడో ఆడుతం. ఆమె అష్టాచెమ్మ రూల్స్ అన్నీ దీంట్లకు తెస్తది. ఒక్క కాయనన్న చంపకపోతే ఇంట్లకు పోవద్దంటది, యాప్ ఏమో పోనిస్తది. నా కాయ పండితే అది చెల్లది, మల్ల బయట పెట్టు అంటది, యాప్‌ల మల్లెట్ల పెడ్తం సార్? మూడు ఆర్లు పడితే ఒక పంచాయితీ, జోడీ మీద ఒక పంచాయితీ. అసలు రూల్ ఏంది?

జవాబు: అమ్మా, మీ అత్తమ్మని తీసిపారెయ్యకు, ఆమె ఆటే పాతది. ఇంగ్లండ్‌లో లూడో అని పేరు పెట్టి పేటెంట్ తీసుకున్నది పందొమ్మిదో శతాబ్దం చివర్లో, దానికి మూలం మన పచ్చీసు, గవ్వలతో ఆడేది, 25 పడితే పెద్ద పందెం కాబట్టి ఆ పేరు. ఫతేపూర్ సిక్రీ కోటలో ముంగిట్లో రాళ్ల మీదే పచ్చీసు గళ్లు ఉన్నాయి, ఫోటోల్లో చూసే ఉంటావు. అష్టాచెమ్మా ఆ కుటుంబమే, నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట. మా ఇంట్లో గవ్వలుండేవి కావు, చింతపిక్కల్ని బండ మీద ఒకవైపు అరగదీసి తెల్లగా చేసుకునేవాళ్లం, చేతి వేళ్లు కూడా అరిగేవి. అందులో ఎవర్నో ఒకర్ని చంపితే గానీ లోపలి వరసలోకి పోవడానికి లేదు, మీ అత్తమ్మకి అదే చెయ్యి అలవాటు.

లూడోలో ఒకటే రూల్ అనేది లేదమ్మా, ఇంటికో రూలు. మూడు ఆర్ల సంగతి చూస్తే, వరసగా మూడు పడటం 216లో ఒకసారి. యాప్‌లలో ఎక్కువగా మూడో ఆరు చెల్లదు, వంతు పోతుంది, కొన్ని ఇళ్లలో అయితే మొదటి రెండు ఆర్లు నడిచింది కూడా వెనక్కి తెమ్మంటారు (మా పెద్దన్నయ్య ఇదే రూలు పెట్టేవాడు, తనకి పడినప్పుడు మాత్రం మర్చిపోయేవాడు). జోడీ అయితే ఇంకా రకాలు. ఒకే రంగు కాయలు రెండు ఒకే గడిలో ఉంటే చంపకూడదు అని కొందరు, అసలు దాటే పోకూడదు అని కొందరు, జోడీని జోడీయే చంపాలని కొందరు, జోడీ నడవాలంటే సరి సంఖ్య పడాలి, నాలుగు పడితే రెండు గళ్లు అని ఇంకొందరు. పండటానికి సరిగ్గా అంతే పడాలి అనేది ఎక్కువ చోట్ల ఉన్నా, చిన్నపిల్లలుంటే ఎక్కువ పడ్డా లోపలికి పో అని వదిలేసేవాళ్లూ ఉన్నారు.

నువ్వు చెయ్యాల్సింది ఏంటంటే, రూమ్ పెట్టేముందు సెట్టింగ్స్‌లో ఏమేం మార్చుకోనిస్తుందో చూడు, జోడీ, మూడు ఆర్లు, కొడితే ఇంకో వంతు, ఇలాంటివి కొన్నిట్లో ఉంటాయి. యాప్‌లో లేనిది నోటి ఒప్పందం. చంపకుండా పండిన కాయని మళ్లీ బయట పెట్టడం కుదరదు, నిజమే, దాని బదులు ఒక్కర్నీ చంపకుండా గెలిస్తే ఆ ఆట లెక్కలోకి రాదు అనుకోండి. మొదటి డైస్ వెయ్యకముందే అనుకోవాలి సుమా. మధ్యలో అనుకుంటే ఎప్పుడూ వెనకబడ్డవాళ్లకే రూల్స్ గుర్తొస్తాయి.

ప్రశ్న: అన్నా, అమీర్‌పేట హాస్టల్లో ఉంటా, కోచింగ్ కోసం వచ్చిన. రూమ్మేట్ ఒక లింక్ పంపిండు, డబ్బులు పెట్టి లూడో. ఫస్ట్ 200 గెలిచిన, తర్వాత 6,000 పోయినయ్. ఇది స్కిల్ గేమ్, ప్రాక్టీస్ చేస్తే వస్తయ్ అంటున్నడు. ఇంకోసారి ట్రై చెయ్యాల్నా?

జవాబు: వద్దు తమ్ముడూ. తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటల్ని 2017లోనే గేమింగ్ చట్టం సవరించి నిషేధించారు, స్కిల్ అన్నా ఒప్పుకోలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, అందులోనూ స్కిలా లక్కా అన్న తేడా లేదు, డబ్బు ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. అంత చట్టం ఉన్నాక కూడా లింక్ పంపి ఆడించేవాడు నీ 6,000 తిరిగిస్తాడని ఎట్లనుకున్నవ్? పైన కూకట్‌పల్లి బాబుకి చెప్పింది చదువు, చివరి గడి దగ్గర ప్రాక్టీస్‌కి పని లేదు. నీ బ్యాంక్ వివరాలు గానీ ఓటీపీ గానీ వాళ్లకిచ్చి ఉంటే ఇప్పుడే బ్యాంకుకి ఫోన్ చెయ్, మోసం జరిగిందనిపిస్తే సైబర్ క్రైమ్ నంబర్ 1930. ఇంట్లో కూడా చెప్పు. తిడతారు. అయినా చెప్పు.

ప్రశ్న: మాస్టారూ, నా వయసు 71. మనవలతో ఆడతాను. అందరివీ సగం దూరం వెళ్లిపోతాయి, నాకు మాత్రం ఆరే పడదు, నాలుగు కాయలూ ఇంట్లోనే కూర్చుని ఉంటాయి. నా వేలి ఒత్తిడిలో ఏమైనా తేడానా? — మల్కాజిగిరి

జవాబు: వేలిది తప్పు కాదండీ, ఎంత గట్టిగా నొక్కినా డైస్‌కి తెలీదు. పది వంతులు ఆడినా ఆరు పడకపోవడం ఒక మనిషికి వందలో 16 సార్లు. నలుగురు కూర్చుంటే వాళ్లలో ఎవరో ఒకరికైనా ఈ గతి పట్టడం దాదాపు రెండాటల్లో ఒకసారి! అంటే మీరు కాకపోతే మీ మనవడు, ఎవరో ఒకరు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. ఒకటి పడినా ఆరు పడినా కాయ బయటికి రావచ్చు అనే రూలు పెట్టించండి, అప్పుడు పది వంతులు ఇరుక్కునే అవకాశం వందకి రెండు కంటే తక్కువకి దిగుతుంది. కొన్ని యాప్‌లలో ఒక కాయ ముందే బయట పెట్టి ఇచ్చే పొట్టి ఆట కూడా ఉంటుంది, మనవలు హోంవర్క్ వంక పెట్టేలోపు అయిపోతుంది.

ప్రశ్న: తాతా, నేను ఆరో క్లాస్, అల్వాల్. మా నాయనమ్మ నన్నే కొడుతుంది, అక్కని కొట్టదు. ఎలా తప్పించుకోవాలి?

జవాబు: బంగారూ, బోర్డు మీద చుట్టూ 52 గళ్లు, అందులో 8 సేఫ్, నాలుగు స్టార్లు, నాలుగు రంగుల మొదలు గళ్లు. అక్కడ కూర్చుంటే నాయనమ్మ ఏమీ చెయ్యలేదు. అది దొరకనప్పుడు నాయనమ్మ కాయకి ఎన్ని గళ్లు ముందున్నావో చూసుకో. ఒకటి నుంచి ఆరు లోపు ఉంటే ప్రతి వేటుకీ ఆరింట ఒక వంతు ప్రమాదం, ఒక గడి దూరమైనా ఆరు గళ్ల దూరమైనా ఒకటే. ఏడో గడికి దూకావనుకో, ఆవిడకి ముందు ఆరు పడి తర్వాత ఒకటి పడాలి, అంటే 36లో ఒకసారే. ఆవిడవి రెండు కాయలు వేరు వేరు దూరాల్లో నీ వెనక ఉంటే మాత్రం ప్రమాదం రెండింతలు, అప్పుడు ఇంకో కాయని కదపడం ఆపి దీన్నే పరిగెత్తించు. అక్కని ఎందుకు కొట్టదో నాయనమ్మనే అడగాలి, అది లూడో ప్రశ్న కాదు. ఒక్కటే జాగ్రత్త, మీరు స్పీకర్ ఆన్‌లో పెట్టుకుని ఆడతారు కదా, గళ్లు పైకి లెక్కపెట్టకు.