ఈత రాదు, కయాక్ ఎక్కొచ్చా?

రాజమండ్రి నుంచి వచ్చి చెన్నైలో ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి అడిగింది: "అన్నయ్యా, మా ఆఫీసులో అందరూ ముట్టుకాడుకి కయాకింగ్‌కి, అదే తెడ్డుతో చిన్న పడవ నడపడానికి, వెళ్తున్నారు. నాకు ఈత రాదు. పక్కనే సముద్రం కదా, టెన్షన్‌గా ఉంది. గోదావరి గట్టున పుట్టి నీళ్లంటే భయమని చెప్పుకోలేకపోతున్నా. వెళ్లొచ్చా?"

వెళ్లమ్మా. కానీ ఆ భయం సంగతి ముందు అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పు, నలుగురూ వినేలా చెప్పు. ఈత రాని మనిషి ఉందని తెలిస్తే అతని కన్ను నీ మీద ఉంటుంది. దాస్తే ఉండదు.

ముట్టుకాడు అంటే సముద్రం పక్కన నేల లోపలికి వచ్చిన ఉప్పునీటి పాయ. అలాంటి నిలకడ నీళ్లలో, లైఫ్ జాకెట్ సరిగ్గా ఉంటే, ఈత రానివాళ్లు కూడా కయాక్ నడపొచ్చు. సముద్రంలోకి మాత్రం ఇప్పుడే వద్దు.

జాకెట్ సరిగ్గా ఉండడమంటే ఏమిటో నాకు నీళ్లలో పడ్డాకే తెలిసింది. నెల్లూరు నుంచి ఇక్కడికొచ్చిన కొత్తలో, ఒక చోట అద్దెకిచ్చిన జాకెట్‌కి మూడు క్లిప్పుల్లో కిందది విరిగిపోయి ఉంది. "పర్లేదు సార్, రెండు చాలు" అన్నారు. నేనూ ఊరుకున్నాను. పడవ తిరగబడగానే జాకెట్ చెవుల దాకా లేచింది. మునగలేదు గానీ, గడ్డం లోపలికి పోయి, ఫోమ్ ముక్కుకి అడ్డుపడి ఊపిరాడలేదు. అక్కడ నీళ్లు నడుము లోతే. కాళ్లు ఆనించి నిలబడొచ్చన్న సంగతి కూడా తట్టలేదు. అందుకని క్లిప్పులన్నీ టిక్కుమనేలా పెట్టి, పక్క పట్టీలు బిగించి, ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమను. గడ్డం దాటి వస్తే వేరేది ఇవ్వమని అడుగు. మొహమాటపడకు.

తెడ్డు వేయడం కన్నా ముందు పడడం నేర్చుకో. ఒడ్డు దగ్గరే, నడుము లోతులో, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా కావాలనే బోల్తా కొట్టు. పడవని వదలకు. దాన్ని వెల్లకిలా తిప్పి, పక్కనుంచి రెండు చేతులూ మీద వేసి, కాళ్లు వెనక్కి తేలేలా కొట్టుకుంటూ బోర్లా పాకాలి. ఆ తర్వాత తిరిగి కూర్చోవాలి. చేతులతో లాక్కుందామంటే ఎక్కలేవు, కాళ్లదే పని. పైన కూర్చునే రకం కయాక్‌కి అడుగున చిల్లులుంటాయి, నీళ్లు వాటంతటవే పోతాయి, కంగారుపడకు. ఇద్దరి కయాక్ ఇస్తే బాగా అలవాటున్న మనిషిని వెనక కూర్చోమను.

ఇక సముద్రం సంగతి. ఇక్కడ నీళ్లకన్నా ముందు గాలిని చూడాలి. పొద్దున గాలి నేల మీంచి నెమ్మదిగా తూర్పుకి వీస్తుంది. నేల వేడెక్కాక, మధ్యాహ్నం ప్రాంతాల్లో, సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. అప్పటికి ముట్టుకాడులో లోపలెక్కడో ఉంటే బోట్‌హౌస్ దాకా ఎదురుగాలే, భుజాలు పడిపోతాయి. అందుకే ఉన్నవాటిలో అన్నిటికన్నా ముందు బ్యాచ్ తీసుకో.

మే నుంచి జులై దాకా ఇంకో ప్రమాదం ఉంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజుల్లో ఒడ్డు పక్కన సముద్రం నూనె పోసినట్టు ఉంటుంది. గాలి నేల మీంచి వస్తుంది కాబట్టి అక్కడ అలలు లేవవు. దిగామంటే లోపలికి తోసేస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ జోరు పెరుగుతుంది. తేలికైన ప్లాస్టిక్ పడవ, దాని మీద నిటారుగా కూర్చున్న మనిషి, రెండూ కలిసి తెరచాప అయిపోతాయి. ఒకసారి ముట్టుకాడు దగ్గరి కోవళంలో అలాంటి నీళ్లు చూసి నాకు మనసు లాగింది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చేతిలో సూదితోనే తూర్పుకి చూపించి "వేండాం తంబీ, కాత్తు" అన్నాడు, అంటే వద్దు తమ్ముడూ, గాలి అని. కళ్లు చికిలించి చూస్తే, దూరంగా నీళ్ల రంగు ముదిరి తెల్లటి నురగ చుక్కలు కనిపించాయి. జాలర్లు పడవ దించని రోజున నేను దించను.

మీ గోదావరి వైపు వానలు జూన్‌లోనే మొదలవుతాయి. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు ముట్టుకాడు నీళ్లు సముద్రంలో కలిసే మొగ తెరుచుకుంటే లోపలి నీళ్లు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) బ్రిడ్జి కిందుగా సముద్రంలోకి లాగుతాయి. ఆ వడిలో పడవ స్తంభానికి అడ్డం పడితే మనిషి ఇరుక్కుపోతాడు. ఆ మూడు నెలలూ వదిలెయ్. జనవరి నుంచి మార్చి దాకా పొద్దుటిపూట హాయిగా ఉంటుంది. అప్పుడు కూడా బ్రిడ్జికి పడమటి పక్కనే ఉండు.

చెన్నై ఊళ్లోని అడయార్, కూవం నదులు, బకింగ్‌హామ్ కాలువ మ్యాపులో చూసి ముచ్చటపడకు. మురుగు కలిసిన నీళ్లు, ఒంటిమీద చిన్న గీరు ఉన్నా మంచిది కాదు. ఒకప్పుడు కోస్తా ఆంధ్ర నుంచి సరుకు పడవలు మద్రాసు చేరింది ఆ కాలువ మీదే. ఇప్పుడు దాని పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

కాటన్ చుడీదార్ వద్దు, తడిసి కాళ్లకి చుట్టుకుంటుంది. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకో, ఆలిచిప్పలు కోసేస్తాయి. కళ్లజోడుంటే తాడు కట్టు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, ఫోన్‌లో వేసుకో.

వచ్చాక ఈత క్లాసులో చేరు. బోల్తా పడ్డాక మళ్లీ ఎక్కడం ఎన్నోసారికి కుదిరిందో నాకు రాయి. నాకు ఏడోసారికి కుదిరింది.