గ్రంథాలయంలో నువ్వు లెక్కపెట్టిన కుర్చీలు

చిరంజీవికి ఆశీస్సులు.

‘సమాజశాస్త్రం శాస్త్రమేనా?’ అన్న నీ వ్యాసం అందింది. ఒకసారి ఊరికే చదివాను, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. జవాబు ఆలస్యమైంది అందుకే.

నచ్చింది ముందు చెబుతాను. ఆరో పేజీలో నాలుగు వాక్యాల పేరా ఒకటుంది. నెల రోజులు సాయంత్రం పూట గ్రంథాలయంలో కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్లు ఏ కుర్చీ ఎంచుకుంటున్నారో నోటుపుస్తకంలో గుర్తులు పెట్టానన్నావు. మధ్యలో బోలెడు ఖాళీ ఉన్నా చాలామంది గోడవార కుర్చీలకే వెళ్లారన్నావు. నీ వ్యాసంలో నీ కళ్లతో చూసి రాసింది ఈ ఒక్క పేరానే. దాన్ని తీసుకెళ్లి ఎవరికీ కనపడని మూల దాచావు.

మొదటి ఐదు పేజీల్లో సమాజశాస్త్రానికి పునాది వేసిన కోంత్, దుర్ఖేమ్, వేబర్, వాళ్ల వెనక తత్వవేత్త పాపర్ వరసగా వచ్చి తలో మాట చెప్పి వెళ్లిపోయారు. చివరికి నువ్వు, శాస్త్రమే అనే పక్షం ఒకటి, కాదనే పక్షం ఒకటి చేసి, ‘నిజం రెండింటికీ నడుమ ఉంది’ అని ముగించావు. నడుమ అంటే ఎక్కడ? ఆ చోటు చూపించలేకపోతే ఆ వాక్యం రాయకూడదు. పెద్దల మాటలు ఏరడం తప్పు కాదు, నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. కానీ వాళ్లు ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నారని పొరబడ్డావు. ఆ పొరపాటు మన భాషలోనే పొంచి ఉంది, అందుకే దాని దగ్గర కాసేపు ఆగుతాను.

తెలుగులో వ్యాకరణం శాస్త్రమే, నాట్యం శాస్త్రమే, జ్యోతిషాన్నీ శాస్త్రమనే అంటాం. పద్ధతిగా నేర్చుకుని పద్ధతిగా నేర్పగలిగే విద్య ఏదైనా శాస్త్రమే. ఆ లెక్కన సమాజశాస్త్రానికి పేరులోనే జవాబుంది, నీ వ్యాసం అక్కర్లేదు. ‘శాస్త్రీయ’ అన్న మాట ఇంకా చిక్కు పెడుతుంది. ‘శాస్త్రీయ సంగీతం’ అన్నప్పుడు సంప్రదాయం నిర్దేశించిన తోవ తప్పనిది అని అర్థం. ‘శాస్త్రీయ దృక్పథం’ అన్నప్పుడు దాదాపు తిరగబడుతుంది: సంప్రదాయం చెప్పినా సరే, పరీక్షించాకే నమ్ముతాను అని. నువ్వు మొదటి పేజీలో ఒక అర్థంతో మొదలుపెట్టి, మూడో పేజీకి రెండో అర్థంలోకి జారిపోయావు. జారినట్టు నీకే తెలియదు. జర్మన్‌లో ‘విస్సెన్‌షాఫ్ట్’ అనే మాట కూడా మన శాస్త్రంలాగే విశాలమైనది, చరిత్ర అధ్యయనం, భాషా అధ్యయనం అందులో ఇమిడిపోతాయి. ఆ మాటతో ఆలోచించిన వేబర్‌ను ఇంగ్లీషు ‘సైన్స్’ అనే ఇరుకు కొలతతో నిలదీయడం న్యాయం కాదు.

ఒక విద్య మొత్తాన్ని బోనెక్కించి ‘నువ్వు శాస్త్రానివా, కాదా’ అని అడిగితే ఏ జవాబు వచ్చినా మనకు ఒరిగేది లేదు. ఒక్కో వాదాన్ని విడిగా తీసుకుని, ఇది తప్పయితే ఆ సంగతి మనకు ఎలా తెలుస్తుంది అని అడుగు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతా ఉత్తరమంతా దానికి ఉదాహరణలు.

నాలుగో పేజీలో ‘సమాజాన్ని ప్రయోగశాలలో పెట్టలేం, కాబట్టి ఇది శాస్త్రం కాదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నక్షత్రాన్ని మాత్రం ఎవరు ప్రయోగశాలలో పెట్టారు? ఒక తోకచుక్క 1758లో తిరిగి వస్తుందని ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ 1705లో చెప్పింది పాత పరిశీలనలను లెక్కగట్టే. అయితే ఈ సమాధానంతో ఆగిపోకు, సమాజంలోనూ ప్రయోగాలు జరిగాయి.

దేవా పేజర్ అనే సమాజశాస్త్రవేత్త అమెరికాలోని మిల్వాకీ నగరంలో చేసిన పని 2003లో అచ్చయింది. నలుగురు యువకులు, ఇద్దరు తెల్లవాళ్లు ఒక జట్టు, ఇద్దరు నల్లవాళ్లు ఒక జట్టు. చదువు, పని అనుభవం, మాటతీరు వీలైనంత ఒకేలా కనిపించేలా వాళ్లను తయారుచేశారు ఆమె. పెద్ద అర్హతలు అడగని ఉద్యోగాలకు మొత్తం 350 చోట్లకు పంపారు. ప్రతి జట్టులో ఒకరు మాదకద్రవ్యాల కేసులో జైలుకు వెళ్లొచ్చినట్టు చెప్పుకోవాలి. ఒకరి ముఖమో నవ్వో ఫలితాన్ని ఒక పక్కకు లాగకుండా ఆ పాత్రను వారానికొకరు మార్చుకున్నారు. తర్వాత యజమానులు ఎవరిని తిరిగి పిలిచారో లెక్కవేశారు. జైలు ముఖం చూడని తెల్ల యువకుడికి నూటికి 34 చోట్ల పిలుపు వచ్చింది, వెళ్లొచ్చిన తెల్ల యువకుడికి 17 చోట్ల. జైలు ముఖం చూడని నల్ల యువకుడికి 14 చోట్ల, వెళ్లొచ్చినవాడికి 5 చోట్ల.

ఆ 17ను, 14ను పక్కపక్కన పెట్టి మళ్లీ చదువు. మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ అంకెలు వేరేగా వచ్చి ఉండొచ్చు. నల్లవాడికీ తెల్లవాడికీ తేడా లేదని తేలితే పేజర్ ఊహ అక్కడితో పడిపోయేది, అందరి ముందూ పడిపోయేది. ఏ మాటైతే అలా ఓడిపోయే అవకాశాన్ని తన మీదకు తెచ్చుకుంటుందో అదే శాస్త్రం మాట అని పాపర్ 1934లో గీసిన గీత ఇదే. తర్వాత పేజర్ మరికొందరితో కలిసి న్యూయార్క్‌లోనూ ఇలాంటి పరిశోధన చేశారు, 2009లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ తీరు అదే. అయితే ఈ లెక్కలు ఏం చెప్పవో కూడా నీ పాఠకుడికి చెప్పాలి. యజమాని మనసులో ఏముందో చెప్పవు. పెద్ద హోదా ఉన్న ఉద్యోగాల్లో ఏం జరుగుతుందో చెప్పవు.

ఇంకో వాదం చూడు, ఇది చాలా చిన్న లెక్కతో పుట్టింది. కొత్త ఉద్యోగం సంగతి మన చెవిన వేసేది ప్రాణస్నేహితులకంటే ముఖపరిచయస్తులే ఎక్కువని మార్క్ గ్రానోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో రాశాడు. మన స్నేహితులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు వేరే గుంపు నుంచే రావాలి కదా అని ఆయన తర్కం. దానికి చూపిన ఆధారం 54 మంది. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికిన ఆ 54 మందిలో, తాము తరచూ కలిసే మనిషి వల్ల దొరికిందన్నవాళ్లు 16.7 శాతమే. యాభై నలుగురిని అడిగి అంత మాట అనొచ్చా? ఆ అనుమానం రావాల్సిందే. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2022లో, ఉద్యోగ పరిచయాలు కలుపుకునే వెబ్‌సైటు లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందితో జరిగిన ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. పరిచయం చేసుకోమని ఎవరికి ఎవరిని సూచించాలన్నది రకరకాలుగా మార్చి చూశారు. గ్రానోవెటర్ మాట నిలబడింది, ఒక సవరణతో: మరీ పలచని పరిచయం అంతగా పనికిరాదు, ఓ మోస్తరు పలచనిదే ఎక్కువ ఉపకరిస్తుంది. నువ్వు ఐదో పేజీలో ‘సమాజశాస్త్రంలో ఏ మాటా ముందుకు సాగదు, అభిప్రాయాలు మారుతుంటాయంతే’ అన్నావే, దాని పక్కన ఈ కథ పెట్టు.

ఇక నా సంగతి. నీ వయసులో ఒక పత్రికకు పుస్తకపఠనం మీద వ్యాసం రాశాను. ఏదో సర్వేలో చాలామంది ‘రోజూ చదువుతాం’ అన్నారని చూసి పొంగిపోయి, మనది చదివే సమాజం అని ఘనంగా రాసేశాను. వ్యాసం వచ్చిన వారానికి ఒక గ్రంథపాలకుడి నుంచి కార్డు ముక్క వచ్చింది: ‘అయ్యా, వాళ్లు చదువుతున్నారా, చదువుతామని చెప్పారా?’ నా దగ్గర జవాబు లేదు. ఆ సర్వే ఎవరు చేశారో, ఎంతమందిని అడిగారో, ఎలా అడిగారో నేను చూడనే లేదు.

ఆ కార్డు వచ్చాకే రిచర్డ్ లాపియర్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త పరిశోధన వెతుక్కుని చదివాను. చైనావాళ్ల మీద అమెరికాలో ద్వేషం బాగా ఉన్న రోజుల్లో ఆయన ఒక చైనా విద్యార్థితో, అతని భార్యతో కలిసి ఆ దేశమంతా తిరిగాడు. బస చేసినవి, భోజనం చేసినవి కలిపి 251 చోట్లు. కాదన్నది ఒక్కచోట. తర్వాత ఆ చోట్లకే ‘చైనావాళ్లను రానిస్తారా?’ అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చినవాళ్లలో నూటికి 90కి పైగా రానివ్వమన్నారు. 1934లో అచ్చయిందిది. ఉత్తరానికి జవాబు రాసిన మనిషి, ఆ రోజు గుమ్మంలో ఎదురైన మనిషి ఒకరే కాకపోవచ్చు, ఆ మాటా అనుకోవాలి. అయినా ‘చెప్పారు’ అన్నదానికీ ‘చేశారు’ అన్నదానికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో నాకు తెలిసింది దాంతోనే. ‘అధ్యయనాలు చెబుతున్నాయి’ అని నీ వ్యాసంలో తొమ్మిదిసార్లు వచ్చింది. ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టాను.

ఇంతవరకూ నేను ఒక పక్షం లాయరులా మాట్లాడానేమో. అవతలి పక్షానికి ఉన్న అసలైన బలం నీ వ్యాసంలో ఎక్కడా లేదు కాబట్టి అదీ చెబుతాను. వలసలు పెరిగితే సంక్షేమ పథకాలకు జనం మద్దతు తగ్గుతుందా అన్న ఒకే ప్రశ్నను, ఒకే సమాచారాన్ని 73 బృందాలకు ఇచ్చారు. మొత్తం 161 మంది పరిశోధకులు. కొందరికి తగ్గుతుందని వచ్చింది, కొందరికి పెరుగుతుందని వచ్చింది, చాలామందికి తేడా ఏమీ కనిపించలేదు. 2022లో వచ్చిన ఈ ఫలితం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. అంకెలు ఉన్నంత మాత్రాన మనిషి ఎంపికలు మాయం కావని అది నిక్కచ్చిగా చూపించింది. ‘మనుషులకు స్వేచ్ఛ ఉంది కాబట్టి శాస్త్రం కుదరదు’ అన్న నీ వాదంకంటే ఇది వందరెట్లు పదునైనది. దీన్ని బయటపెట్టింది కూడా సమాజ పరిశోధకులే.

ఇంకో కష్టం ఉంది, అది ఈ విద్యకు పుట్టుకతో వచ్చింది. తన గురించి హేలీ ఏం రాశాడో తోకచుక్క వినదు. మనుషులు వింటారు, విని మారతారు. బాగున్న బ్యాంకు కూడా మునిగిపోతోందని పుకారు పుడితే, జనం పరుగెత్తి డబ్బు తీసుకుంటే, అది నిజంగానే మునుగుతుంది. సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో ఇచ్చిన ఉదాహరణ ఇది. లెక్కపెట్టడానికి ముందు అర్థం చేసుకోవడం అనే మెట్టు కూడా ఇక్కడ తప్పదు. మౌనం అర్ధాంగీకారం అంటాం. కానీ ఒక సమావేశంలో నోరు మెదపని పదిమందిలో ఎవరిది అంగీకారం, ఎవరిది భయం, ఎవరు అసలు వినడమే లేదు? ఆ తేడా తెలియకుండా పదిమందినీ ఒకే గడిలో వేస్తే ఆ అంకెకు విలువ లేదు. దుర్ఖేమ్ 1897లో ఆత్మహత్యల మీద రాసిన పుస్తకానికి ఎదురైన పెద్ద ప్రశ్న ఇదే: ఒక మరణానికి ఆ పేరు ఎవరు పెట్టారు, ఏ కుటుంబం పెట్టనివ్వలేదు? వేబర్ పట్టుబట్టిన ‘అవగాహన’, అంటే ఒక పనికి ఆ పని చేసినవాళ్ల దృష్టిలో ఉన్న అర్థాన్ని పట్టుకోవడం, ఇక్కడ అవసరమవుతుంది. నీ మూడో పేజీలో అది ఉట్టి పారిభాషిక పదంగా మిగిలిపోయింది.

ఇప్పుడు నీ కుర్చీల దగ్గరికి వద్దాం. లెక్క చెప్పాక నువ్వు ‘మనిషి సహజంగా ఏకాంతాన్ని కోరుకుంటాడు’ అని ముగించావు. కుర్చీ నుంచి మానవస్వభావానికి ఒక్క గంతు! ఆ గోడవార వెలుతురు బాగా పడుతుందేమో. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గులు ఆ గోడకే ఉన్నాయేమో. నోటుపుస్తకంతో మధ్యలో కూర్చున్న నిన్ను చూసి వాళ్లు దూరంగా వెళ్లారేమో. నీ ఊహ నిజమైతే, ప్లగ్గులు లేని గోడవార కూడా జనం అలాగే కూర్చోవాలి. కూర్చోకపోతే నువ్వు ఓడిపోయినట్టు, అప్పుడు ఆ ఓటమినే రాయి. ఇద్దరు ముగ్గురిని ఆపి ‘అక్కడే ఎందుకు కూర్చున్నారు?’ అని మర్యాదగా అడుగు. వాళ్లు చెప్పిందాన్ని, నువ్వు చూసినదాన్ని వేరువేరుగా రాసిపెట్టు. శాస్త్రమా కాదా అన్న ప్రశ్నలో ఉన్న చిక్కులన్నీ ఆ గదిలోనే నీకు ఎదురవుతాయి. అప్పుడు పాపర్‌నీ వేబర్‌నీ పిలువు, పనుండి వస్తారు.

మొదటి ఐదు పేజీలూ పక్కన పెట్టి, ఆరో పేజీ నుంచి మొదలుపెట్టు. చించెయ్యకు, వాటిలో రెండు మూడు వాక్యాలు తర్వాత పనికొస్తాయి. ఇంకో రెండు వారాలు గ్రంథాలయానికి వెళ్లు, ఈసారి ఒక మూల కూర్చో. మళ్లీ రాసినప్పుడు ఎన్ని సాయంత్రాలు, ఎంతమంది, ఏ వేళ అన్నవి మొదటి పేజీలోనే ఉండాలి. ప్లగ్గులు ఏ గోడకున్నాయో మాత్రం వ్యాసం అయ్యేదాకా ఆగకుండా ముందే ఒక కార్డు రాసి చెప్పు, నాకు ఆత్రంగా ఉంది.

నీ శ్రేయోభిలాషి