ఆదివారం చర్చికి, సెప్టెంబరులో బౌద్ధ ఆలయానికి: ఆ ఖ్మేర్ అవ్వ విశ్వాసం నిజమైనదేనా?

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను. ఆదివారం మీ చర్చిలో పాటలు పాడే ఖ్మేర్ (అంటే కంబోడియా) అవ్వ, సెప్టెంబరులో బౌద్ధ ఆలయానికి అన్నం ముద్దలు తీసుకెళ్లిందని నొచ్చుకున్నారు. మందలించాలా అని అడిగారు. వద్దండీ. నేను ఆ పని చేసి భంగపడ్డాను.

మాది ఒంగోలు, నాలుగు తరాల బాప్టిస్టు కుటుంబం. అమెరికాలోని లాంగ్ బీచ్‌కు వచ్చిన కొత్తలో చర్చి తరఫున అనాహైమ్ వీధి చుట్టుపక్కల ఖ్మేర్ కరపత్రాలు పంచేవాళ్లం. ఒక ఇంట్లో డెబ్బై దాటిన యేయ్ (అంటే అవ్వ) తలుపు తీసింది. యేసును అంగీకరించారా అని అడిగాను. మనవరాలు అనువదించింది. అవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టి, "మూడుసార్లు" అంది. ఒకసారి 1980లో థాయ్ సరిహద్దులోని ఖావో-ఇ-డాంగ్ శరణార్థి శిబిరంలో, ఇంకోసారి తమను అమెరికాకు రప్పించిన చర్చిలో, మూడోసారి ఇంగ్లీషు నేర్పిన చర్చిలో.

ఎగతాళి కాదు. ఆ రోజుల్లో శరణార్థులకు స్పాన్సర్లు కావాలి. చాలామందికి ఆ పూచీ చర్చిలే తీసుకుని ఇల్లు, దుప్పట్లు, ఉద్యోగం చూపించాయి. అలాంటివాళ్లు పిలిస్తే వెళ్లకపోవడం ఎలా? ఖ్మేర్‌లో దీన్ని 'కతఞ్ఞు' అంటారు. పాళీ నుంచి వచ్చిన మాట, మన కృతజ్ఞతే. అవసరానికి మతం మారారని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. 1878లో, కరువు వెనువెంటనే, ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు మన ముత్తాతలనూ ఇదే మాట అన్నారు.

ఇక అన్నం ముద్దల సంగతి. ఆ పండుగ పేరు ప్చుమ్ బెన్. బెన్ అంటే పిండం. పదిహేను రోజులు, అదీ భాద్రపద బహుళ పక్షమే, మన ఊళ్లో హిందువులు మహాలయ పక్షాలు పాటించే రోజులే. సూది బెజ్జమంత నోరున్న ప్రేతాలు వెలుతురుకు భయపడి చీకట్లోనే వస్తాయని, తమవాళ్లు పెట్టిన అన్నం కోసం ఏడు ఆలయాలు తిరుగుతాయని నమ్మకం. ఎక్కడా దొరకకపోతే శపిస్తాయట.

ఒక ఏడాది యేయ్ నన్ను రమ్మంది. ముందురోజు సాయంత్రం వంటగదిలో చేతులు తడి చేసుకుంటూ, జిగురు బియ్యపు అన్నంలో నువ్వులు కలిపి నిమ్మకాయంత ముద్దలు చేసింది. పక్కన భిక్షువు చదవడానికి చనిపోయినవాళ్ల జాబితా, పదకొండు పేర్లు. అందులో తొమ్మిది మంది 1975 ఏప్రిల్‌కూ 1979 జనవరికీ మధ్య, ఖ్మేర్ రూజ్ (కంబోడియా కమ్యూనిస్టుల) పాలనలో పోయినవాళ్లు. ఎక్కువమంది ఆకలితో. ఒక్కరికీ దహనం లేదు, మంత్రం లేదు, ఎక్కడ పూడ్చారో తెలియదు. మనం సమాధికి సున్నం వేయించి, జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుని, భోజనాలు వడ్డిస్తాం. ఆమెకు సమాధులే లేవు. ఆకలితో పోయినవాళ్లకు అన్నం పెడుతోంది, అంతే. ఇందులో ఏ సిద్ధాంతాన్ని ఖండిస్తారు?

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. కారు నడిపింది ఆమె కొడుకు. అతను గట్టి క్రైస్తవుడు, తండ్రి అంత్యక్రియల్లో అగరుబత్తి పట్టుకోనన్నందుకు తల్లి ఏడాది మాట్లాడలేదట. ఆలయం లోపలికి రాలేదు. హీటరు వేసుకుని కారులోనే కూర్చున్నాడు. మేం మూడు ప్రదక్షిణలు చేసి వచ్చేసరికి తల్లి కోసం వేడి టీ ఫ్లాస్కు సిద్ధంగా పెట్టాడు. అతని విశ్వాసమూ నిజమైనదే. బౌద్ధాన్ని పూర్తిగా వదిలేసిన ఖ్మేర్ క్రైస్తవులు చాలామంది ఉన్నారు, వాళ్లను కూడా చిన్నచూపు చూడకండి.

తిరుగుదారిలో యేయ్ మా అమ్మమ్మ పేరు అడిగింది. ఎందుకో అర్థమై కాసేపు తటపటాయించి, చెప్పాను. మరుసటి ఏడాది జాబితాలో పన్నెండో పేరు 'మరియమ్మ', ఖ్మేర్ లిపిలో. ఈ సంగతి మా పాస్టరుగారికి ఇంకా చెప్పలేదు.

మీ అవ్వ ఈసారి ముద్దలు చేస్తుంటే, కరపత్రాలు ఇంట్లో వదిలి వెళ్లి పక్కన కూర్చోండి. చేతులు తడి చేసుకోవడం మరచిపోకండి, ఆ అన్నం భలే అంటుకుంటుంది.