జియోఫిజిక్స్ చదివితే చమురు కంపెనీల్లోనే ఉద్యోగాలా?

కాదు, భూగర్భ జలాలు, ఖనిజాలు, సొరంగాలు, డ్యాముల పనుల్లోనూ అప్లైడ్ జియోఫిజిక్స్ (ఫిజిక్స్ పద్ధతులతో భూమి లోపలి సంగతులు తెలుసుకునే చదువు) చదివినవాళ్లకు చోటుంది. తవ్వకుండానే లోపల ఏముందో అంచనా కట్టడం అన్నిచోట్లా అవసరమే మరి. జీఎస్ఐ (భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ), కేంద్ర భూగర్భ జల మండలి కొలువులకైతే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి.

బోరు పాయింటు సర్వేనే చూడండి: వరసగా నాలుగు కడ్డీలు పాతి, రెండు చివర్లా ఉన్న కడ్డీల గుండా కరెంటు పంపి, మధ్య రెండింటి నడుమ వోల్టేజీ కొలుస్తారు. చివరి కడ్డీల్ని దూరం జరిపేకొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది.

మీటరు నేరుగా నీళ్లనే చూపిస్తుందని చాలామంది నమ్మకం. అది కొలిచేది విద్యుత్ నిరోధాన్ని మాత్రమే. మంచినీళ్లున్న చోట లాగే బంకమట్టి ఉన్నా, ఉప్పునీరు ఉన్నా రీడింగు తక్కువే వస్తుంది. ఆ తేడా పట్టాలంటే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో పాటు జియాలజీ కూడా గట్టిగా రావాలి.