స్టాండింగ్ కమిటీకి మెమోరాండం రాస్తున్న అమ్మడికి

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. అప్రెంటిస్‌షిప్ పిల్లల గురించి పార్లమెంటు స్టాండింగ్ కమిటీకి పంపుదామనుకుంటున్నానని నువ్వు పంపిన 12 పేజీలూ చదివాను. పిల్లల్ని దగ్గరుండి చూసిన మనిషి రాత అని ప్రతి పేజీలోనూ తెలిసిపోతోంది. కానీ ఇది ఇలాగే పంపితే ఫైల్లో పడుకుంటుంది. యూనియన్ తరఫున ఇలాంటి కాగితాలు చాలానే రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఆ కమిటీ ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందు మనసులో పెట్టుకో. ప్రభుత్వ శాఖల పనిని ఎంపీలు పరిశీలించే ఈ ఏర్పాటు 1993లో 17 కమిటీలతో మొదలై 2004లో 24కి పెరిగింది. ఒక్కో దాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. మంత్రులకు చోటు లేదు. తమకు పంపిన బిల్లులు, బడ్జెట్ పద్దులు, శాఖల వార్షిక నివేదికలు, దీర్ఘకాలిక విధానాలు చూస్తారు. రోజువారీ పరిపాలన జోలికి పోరు. అంటే, ఫలానా కంపెనీ ఫలానా కుర్రాడికి స్టైపెండ్ ఎగ్గొట్టిందని నువ్వు నాలుగో పేజీలో రాసినదాన్ని వాళ్లు పట్టించుకోరు. అది వేరే ఆఫీసులో వేయాల్సిన ఫిర్యాదు. ఆ పిల్లవాడి పేరు కూడా తీసెయ్. అదే విషయాన్ని “స్టైపెండ్ ఇవ్వకపోతే అడిగే అధికారి ఎవరు? ఎన్ని చోట్ల తనిఖీ చేశారు? ఎంతమందిపై చర్య తీసుకున్నారు?” అని మార్చు. అప్పుడది కమిటీ పనవుతుంది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కమిటీకి ఆర్డర్ వేసే అధికారం లేదు, దాని సిఫార్సులు పాటించి తీరాలన్న రూలూ లేదు. దాని బలమంతా శాఖ కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టి అడగడంలోనే ఉంది. అక్కడ నోటితో చెప్పలేకపోతే తర్వాత రాసి పంపాలి, ఆ జవాబు రిపోర్టులోకి ఎక్కుతుంది. కాబట్టి నీ కాగితం చదివిన ఎంపీకి “ఈ ప్రశ్న అడిగితే శాఖవాళ్లు తప్పించుకోలేరు” అనిపించాలి. జాలి కలిగితే సరిపోదు. “విప్లవాభివందనాలతో” అని మొదలుపెట్టి మూడు పేజీల తర్వాత విషయానికొచ్చే మా పాత యూనియన్ రాతలు ఎందుకూ కొరగాకుండా పోవడానికి కారణం ఇదే.

కమిటీ చెబితే అయిపోతుందని మాత్రం అనుకోకు. బాల కార్మిక చట్టం సవరణ బిల్లు 2012లో వచ్చింది. బడి అయ్యాక, సెలవుల్లో పిల్లలు ఇంటి పనిలో సాయం చేయొచ్చన్న వెసులుబాటు అందులో ఉంది. సాయం ఎక్కడ ఆగుతుందో, సంపాదన ఎక్కడ మొదలవుతుందో ఎవరు తేలుస్తారు, ఇది చట్టానికే కన్నం పెట్టడం కదా అని కార్మిక శాఖ స్టాండింగ్ కమిటీ 2013 రిపోర్టులో గట్టిగానే నిలదీసింది. అయినా 2016లో వచ్చిన చట్టంలో కుటుంబ పనుల మినహాయింపు అలాగే ఉంది. మరి ఆ రిపోర్టు వృథాయేనా? నేననుకోను. ఆ మినహాయింపుపై ఈరోజు వాదించేవాళ్లకు అది చేతిలో సాక్ష్యం.

కమిటీ ఎప్పుడూ మనవైపే ఉంటుందనీ అనుకోకు. పారిశ్రామిక సంబంధాల కోడ్ బిల్లులో లేఆఫ్‌కు (అంటే పని లేదని కార్మికుల్ని తాత్కాలికంగా ఆపేయడానికి), తొలగింపుకు, మూసివేతకు ప్రభుత్వ ముందస్తు అనుమతి 100 మంది కార్మికులున్న చోట అవసరమని ఉండేది. దాన్ని 300 చేసి చట్టంలోనే రాయాలని 2020లో కమిటీయే సూచించింది, చివరికి చట్టమూ అలాగే వచ్చింది. మనకు నచ్చని వాదన కూడా అక్కడికి చేరుతుంది, దానికి అంకెలూ తోడుగా వస్తాయి. అందుకే పరిశ్రమలవాళ్లు ఏమంటారో ఊహించి, దానికి జవాబు నీ కాగితంలోనే పెట్టు. మెజారిటీ ఒప్పుకోకపోయినా, ఏ ఒక్క సభ్యుడో తన అసమ్మతి నోట్‌లో నీ మాట వాడుకోవచ్చు.

నీ విషయంలో ఇంకో తిరకాసుంది. ఐటీఐ పిల్లల అప్రెంటిస్‌షిప్ పథకం నైపుణ్యాభివృద్ధి శాఖది. దాన్ని చూసేది కార్మిక, జౌళి, నైపుణ్యాభివృద్ధి కమిటీ, అది లోక్‌సభ కింద పనిచేస్తుంది. డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్ల పథకం విద్యాశాఖది. దాని కమిటీ రాజ్యసభ కింద ఉంది. నువ్వు రెండింటినీ కలిపేశావు. సూచనలు పంపమన్న ప్రకటన ఏ కమిటీ ఇచ్చిందో చూసుకుని, రెండోదాన్ని ఒక పేరాకు కుదించు.

నీ దగ్గరున్న అసలు సరుకు తొమ్మిదో పేజీలో దాక్కుంది. 1961 అప్రెంటిస్ చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే గానీ కార్మికుడు కాదు, కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. భద్రత, ప్రమాద పరిహారం వంటి కొన్నింటికి వేరే సెక్షన్లున్నాయి, అవి కూడా రాయి. లేకపోతే అధికారులు వాటిని చూపించి నీ వాదనంతా కొట్టేస్తారు. శిక్షణ పేరుతో రెగ్యులర్ షిఫ్టు చేయిస్తుంటే ఆ పిల్లవాణ్ణి ఏమనాలి? ఈ ప్రశ్నే మొదటి పేజీలోకి రావాలి. సెక్షన్ నంబరు, అందులోని చిక్కు, దాని బదులు ఎలా ఉండాలో నువ్వే రాసిన వాక్యం, ఆ వరుసలో పెట్టు. అక్కడి సిబ్బంది సభ్యులకు నోట్ తయారు చేసేటప్పుడు నేరుగా ఎత్తుకోగలగాలి. మొత్తం నాలుగు పేజీలు దాటనివ్వకు. పిల్లల అనుభవాలు అనుబంధంలో వేసెయ్.

మెమోరాండం ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ అడుగుతారు. తెలుగులో ఆలోచించి రాసుకో, తర్వాత లాయర్ స్నేహితురాలి చేత మార్పించు. కమిటీ ముందు మాట్లాడాలని ఉంటే ఆ సంగతి కవరింగ్ లెటర్‌లోనే రాయాలి. పిలిస్తే టెన్షన్ పడకు, కాగితం చూసి చదవకు.

పంపాక వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. కమిటీకి చేరిన మెమోరాండం దాని రికార్డులో భాగం, గోప్యంగా ఉంచాలి. ముందే బయటపెడితే సభాహక్కుల సమస్య, అంటే పార్లమెంటు హక్కులకు భంగం కలిగించారన్న ఆరోపణ, వస్తుంది. మీ గ్రూపులో కుర్రాళ్లకు ఇది గట్టిగా చెప్పు.

రిపోర్టు వచ్చాక ఊరుకోకు. ఏ సిఫార్సుపై ఏం చేశారో ప్రభుత్వం మూడు నెలల్లో చెప్పాలి, దాని మీద కమిటీ మళ్లీ ఇంకో రిపోర్టు ఇస్తుంది. “పరిశీలనలో ఉంది” అన్న జవాబు కనిపించిన చోట గుర్తు పెట్టుకో, తర్వాత బడ్జెట్ పద్దుల సమయంలో మీ ఎంపీకి ఇవ్వడానికి పనికొస్తుంది.

ప్రకటనలో గడువు తేదీ ఇంకోసారి చూడు, సాధారణంగా రెండు వారాలకు మించి ఇవ్వరు. కుదించిన కాపీ ఆదివారం లోపు పంపితే, ఆ రాత్రికే చూసి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న